మనందరి షెడ్డుకు ఏడు తాళాలు

తొమ్మిదింటికల్లా షెడ్డు తెరిచి, ఊడ్చి, పదింటికి వచ్చే, నిధులిచ్చే సంస్థ ఆఫీసరమ్మను దర్జాగా లోపలికి పిలవాలని టైలరమ్మ అనుకుంది. వీధిలోని యాభై ఇళ్లవాళ్లు తలా ఒక వాటా వేసుకుని కొన్న షెడ్డది. అందులో పన్నెండు కుట్టుమిషన్లు, వాటి మీద బతికే పన్నెండుమంది ఆడవాళ్లు, వాళ్ల సంఘానికి కార్యదర్శి మన టైలరమ్మ. కప్పుకు పెద్ద చిల్లు పడింది. ఆఫీసరమ్మ సరేనంటే వానలకు ముందే కొత్త కప్పు పడుతుంది. కాదంటే మిషన్లు తుప్పు పట్టడం ఖాయం.

టైలరమ్మకు మాత్రం బెంగన్నది లేదు. నిన్న సాయంత్రం మీటింగులో అదరగొట్టేసింది మరి. "ఇది మనది! సొంతిల్లు ఎలా చూసుకుంటారో అలా చూసుకోండి!" అంటే చప్పట్లు మారుమోగాయి.

తీరా వెళ్లి చూస్తే గొళ్లేనికి సంఘం తాళం, దాని పక్కన గొలుసులు, ఆ గొలుసులకు మరో ఆరు తాళాలు.

"ఎవరేశారివి?" అని కేక పెట్టింది.

"ఒకటి నాదే," అన్నాడు ప్లంబరు గర్వంగా. "సొంతిల్లన్నారుగా. తాళం వేయకుండా నిద్రెలా పడుతుంది?"

లెక్కల మాస్టారు, బేకరీ అత్తయ్య, ఇంకో ఇద్దరు కూడా తాళంచెవులు పట్టుకుని వచ్చారు. ఆఖరి తాళం ఎవరిదైతే వాళ్లే అసలు ఓనరన్నట్టు, ఒక్కరూ ముందు తీయరు.

"ముందు ప్లంబర్ని తీయమను," అన్నారు మాస్టారు.

"ఏం, నా వాటా తక్కువా?"

ఆఫీసరమ్మ రిక్షా దిగేసరికి వీధి వీధంతా తలుపు దగ్గరే ఉంది. "వయసులో పెద్దవాళ్లు ముందు!" అని తీర్పు చెప్పింది టైలరమ్మ. మాస్టారు, బేకరీ అత్తయ్యల్లో ఎవరు పెద్దో ఒప్పుకోవడానికే పావుగంట పట్టింది.

చివరికి ఓ నీలం తాళం మిగిలింది. అది తమదని ఎవరూ అనలేదు.

"వేయడం తెలిసినవాళ్లకి ఒప్పుకోవడం తెలీదా? ఇలాంటి బాధ్యత లేనివాళ్ల వల్లే మన పరువు పోతోంది!" అంటూ టైలరమ్మ మండిపడింది. "కోసెయ్ ప్లంబరూ!"

తాళం తెగి కింద పడుతుండగా, సగం గీసిన గడ్డంతో ఆమె మొగుడు పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, కోసేశారా! మన గేటుకని కొత్తగా కొన్న తాళమే అది! సొంతిల్లన్నావని నేనే వేశా. చెబుదామంటే నిన్నట్నుంచీ నన్ను మాట్లాడనిస్తేగా!"

వీధంతా గొల్లున నవ్వింది. టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది.

ఆఫీసరమ్మ లోపలికెళ్లి తలెత్తి చూసింది. "తలుపుకు ఏడు తాళాలు. పైన మనిషి దూరేంత చిల్లు," అంది నెమ్మదిగా. అంతా అయిపోయిందనుకుంది టైలరమ్మ. పన్నెండు మిషన్లూ కళ్ల ముందు తిరిగాయి.

"నా ఫారంలో ఓ ప్రశ్నుంది," అంది ఆఫీసరమ్మ. "రేపు దీన్ని ఎవరు పట్టించుకుంటారని. చాలాచోట్ల తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా ఎవరికీ తెలీదు. ఇక్కడ నాకా దిగులు లేదు." అక్కడే మిషను బల్ల మీద సంతకం పెట్టేసింది.

ఆ సాయంత్రమే సంఘం సమావేశమై, ఇకపై ఒకే తాళం ఉండాలనీ, దాని చెవి ఏ ఒక్కరి దగ్గరో ఉండటం న్యాయం కాదు గనక, అందరికీ అందేలా షెడ్డు లోపలే మేకుకు తగిలించాలనీ ఏకగ్రీవంగా తీర్మానించింది.