పదివేల ఏడు

అడవి చాలా పెద్దది. దాన్నేలే సింహం గర్జనరాయుడి భయం అంతకంటే పెద్దది. వాగవతలి దున్నలు వేరుపడతామంటున్నాయి.

“అవతలి మేత మాకు, ఇవతలిది మీకు. చెరిసగం చేసుకుందాం” అని దున్నల పెద్ద గౌరన్న నిండుసభలో అడిగేశాడు.

గర్జనరాయుడు ఆస్థాన గణితవేత్త వైపు చూశాడు. అతను ఉడుము పట్టాభి. పట్టుకున్నది వదలడని పేరు. వెంటనే అడవిలోని ప్రాణులన్నిటినీ లెక్కపెట్టించి, గొంతు సవరించుకున్నాడు.

“పదివేల ఏడు, ప్రభూ! దీన్ని ఎన్ని సమాన భాగాలు చేయబోయినా ఎంతో కొంత మిగిలిపోతుంది. ఒకటీ, తానూ తప్ప ఏ సంఖ్యకీ లొంగదు. ప్రధాన సంఖ్య అంటారు. అవిభాజ్యం!”

“అంటే అడవిని విడదీయడం కుదరదన్నమాట!”

“గణితమే ఒప్పుకోదు ప్రభూ.”

“మేమడిగింది గడ్డి. గడ్డికీ నీ అంకెకీ ఏమిటయ్యా సంబంధం?” అన్నాడు గౌరన్న.

సభంతా పగలబడి నవ్వింది. నవ్వినవాళ్లకీ సంబంధం తెలీదు.

పట్టాభికి సింహాసనం పక్కన పీట వేశారు. ఇకమీదట ఆ సంఖ్య మారకూడదని చాటింపు వేయించారు.

“మరి నా భోజనం?” అన్నాడు గర్జనరాయుడు, కాస్త కంగారుగా.

“మీరు ఆరగించినవాళ్లు చావరు ప్రభూ, మీలో కలుస్తారు. లెక్కలోనే ఉంటారు.”

ఈసారి కుందేళ్లు నవ్వలేదు.

ఇంతలో చెంగలి అనే లేడి ఈనింది. పట్టాభికి ముచ్చెమటలు పోశాయి. పదివేల ఎనిమిది! రెండుగా తెగుతుంది, మూడుగా తెగుతుంది, ఎనిమిదిగా కూడా తెగుతుంది! పరుగున వెళ్లి, లెక్కలోకి ఎక్కకముందే పిల్లను వాగు దాటించమన్నాడు.

“పాలు తాగే పిల్ల అడవిని ముక్కలు చేస్తుందా బాబూ?”

“పిల్ల కాదమ్మా, దాని వల్ల వచ్చే సరిసంఖ్య.”

చెంగలి పిల్లను ముందు నడిపించుకుంటూ తనూ వాగు దిగింది. అవతల దున్నలు పక్కకి జరిగి చోటిచ్చాయి. తల్లి వెళ్లినందుకు ఒకటి తగ్గాలి కదా అని ఎవరో గొణిగితే, “ఆవిడ సెలవు మీద ఉంది” అన్నాడు పట్టాభి. ఆపైన ఈనిన తల్లులందరూ సెలవు మీదే వెళ్లారు. సగం అడవి ఖాళీ అయింది. సంఖ్య మాత్రం చెక్కుచెదరలేదు. పట్టాభి గర్వంతో మరికాస్త లావెక్కాడు.

అప్పుడు రాణిగారు ఈనారు. ఒక్కటే కూన.

“పదివేల ఎనిమిదా?” గర్జనరాయుడు మూతి నాక్కున్నాడు. “యువరాజు ఉండాలి. ఒకడు తగ్గాలి.”

చుట్టూ చూశాడు. ఇవతలి గట్టున దగ్గర్లో పట్టాభి తప్ప ఎవరూ లేరు.

పట్టాభి పీట మీంచి జారాడు. “ప్రభూ, నన్ను తింటే లెక్క తగ్గదు! మీలోనే ఉంటాను కదా!”

“తగ్గకపోతే పోనీలే పట్టాభీ. ఆకలి తగ్గుతుంది.”

నీతి: ప్రధాన సంఖ్యను ముక్కలు చేయలేం, దాన్ని కనిపెట్టినవాణ్ణి చేయొచ్చు.