ఏకగ్రీవ సముద్రం

ఒక పెద్ద అడవిలో సముద్రం తెలిసిన జంతువు ఒకే ఒక్కటి ఉండేది. అది ఎలుగుబంటి లోకనాథం. ఆ మాట చెప్పింది కూడా లోకనాథమే.

“సముద్రమా? చిన్నప్పట్నించీ పరిచయం. నేను ఎదురుపడితే తనే ముందు పలకరిస్తుంది,” అనేవాడు, మూతికంటిన తేనె నాక్కుంటూ.

నిజానికి లోకనాథం పుట్టిన కొండ దిగింది రెండేసార్లు. ఒకసారి పెళ్లికి, ఒకసారి కాలు జారి. నీళ్లతో అతని స్నేహం మోకాలి దాకానే. వాగు దాటాల్సొస్తే ముందు పెళ్లాం పైడమ్మని దాటించి, ఆవిడ మునగలేదని రూఢి చేసుకుని, అప్పుడు తను కాలు పెట్టేవాడు.

ఆ గొప్పని పరీక్షించే అవసరం ఎవరికీ రాకపోవడంతో అది ఏళ్ల తరబడి ఆరోగ్యంగా బతికింది. అయితే ఆ ఏడు ఎండలు మండిపోయాయి. అడవి పంచాయతీ సమావేశమై, సభ్యులందరూ పెళ్లాం పిల్లలతో సహా పట్నం పక్కన సముద్రం ఒడ్డున పదిరోజులు క్యాంపు చెయ్యాలని నిర్ణయించింది.

పంచాయతీ అధ్యక్షుడు అడవిదున్న. ఏ ఊసెత్తినా “కానీండి” అనడం ఆయన పని. ఏం కానివ్వాలో చూసుకోవడం గుమాస్తా నక్క చిదంబరం పని. టేకాకు మీద రాయని సంగతేదీ లోకంలో జరగలేదని చిదంబరం నమ్మకం. తనకి జలుబు చేసినా ముందు ఆకు మీద రాసుకుని, ఆ తర్వాతే తుమ్మేవాడు.

“స్థలం చూడాలంటే స్థల నిర్ణయ కమిటీ ఉండాలి,” అన్నాడు చిదంబరం. “కమిటీకి ఛైర్మన్ ఉండాలి. ఛైర్మన్‌కి సముద్రం తెలిసుండాలి.”

మొహాలన్నీ లోకనాథం వైపు తిరిగాయి.

“నాకు నడుం నొప్పి,” అన్నాడు లోకనాథం.

“నొప్పేటి, పొద్దున్నే చెట్టెక్కావు కదయ్యా,” అంది పైడమ్మ.

కూతురు నీలవేణి పరుగెత్తుకొచ్చి నాన్న కాలు చుట్టేసుకుంది. “ఒప్పుకో నాన్నా. జింకపిల్లలందరికీ చెప్పేశాను, మా నాన్నకి తెలీని సముద్రం లేదని.”

ఆ పిల్ల కళ్లలో తను ఎంత ఎత్తున కూర్చున్నాడో లోకనాథానికి కనబడింది. అక్కణ్ణించి కిందికి దూకే ధైర్యం లేక సరేనన్నాడు. ఈ అబద్ధం బయటపడితే అడవంతా నవ్వుకున్నా పర్వాలేదు. ఈ ఒక్క పిల్ల నవ్వకూడదు. ఆ రోజు నించీ అతని దిగులంతా అదే.

తర్వాత సభ్యులు సముద్రం ఎలా ఉండాలో చెప్పారు.

“ఇసక ఉండకూడదు. నా ముళ్లలోకి పోతే ఎవరు దులుపుతారు?” అంది ముళ్లపంది కాత్యాయని. ఆవిడకి నచ్చినదంటూ ఇంతవరకు ఏదీ పుట్టలేదు.

“లోతు ఉండకూడదు,” అన్నాయి కుందేళ్లు.

“హోరు ఉండకూడదు. మధ్యాహ్నం నాకు కునుకు అలవాటు,” అన్నాడు అధ్యక్షుడు. “గట్టు మీద గడ్డి ఉండాలి. కెరటాలంటారా, ఉండనివ్వండి. పెద్దవి మాత్రం వద్దు.”

చిదంబరం అన్నీ రాసుకున్నాడు. ఇసక, లోతు, హోరు లేని సముద్రాన్ని వెతకడానికి ఛైర్మనూ గుమాస్తా కొండ దిగి బయల్దేరారు.

రెండ్రోజులు నడిచి, తాటితోపులు దాటి, ఒక మట్టిగట్టు ఎక్కేసరికి ఎదురుగా నీళ్లు. లోకనాథం జన్మలో అన్ని నీళ్లు ఒకచోట చూడలేదు. తలెత్తితే గానీ అవతలి గట్టు కనబడలేదు. మధ్యలో ఇనపచక్రాలు గిరగిరా తిరుగుతూ నీళ్లని చిలుకుతున్నాయి. నురగ తేలుతోంది. గోరు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పగా ఉంది. ఇంకేం కావాలి?

“ఇదేనా?” అడిగాడు చిదంబరం.

“ఇదే. చూసి చాలా రోజులైంది. కాస్త చిక్కినట్టుంది.”

“నలుపలకలుగా ఉందేం?”

“సముద్రానికి క్రమశిక్షణ ఎక్కువ.”

“ఆ చక్రాలు?”

“మరి కెరటాలు ఊరికే వస్తాయనుకున్నారా?”

చిదంబరం ఆకు తీసి ఒక్కొక్కటీ సరిచూసుకున్నాడు. ఇసక లేదు. లోతు నడుం దాకా లేదు. గట్టునిండా గడ్డి. సభ్యులు అడిగిన సముద్రం అచ్చం అడిగినట్టే ఉంది.

“ఆ సరుగుడు తోట వెనకాల మాత్రం ఏదో హోరుమంటోంది. చూసొద్దామా?” అన్నాడు.

లోకనాథం ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. లోకంలో పులులన్నీ ఒకచోట చేరి గుర్రుమంటే గానీ అంత హోరు రాదు.

“అది మన కమిటీ పరిధిలోకి రాదు,” అన్నాడు.

ఆ మాట చిదంబరానికి ఎంత నచ్చిందంటే, ఆకు వెనకవైపు కూడా రాసిపెట్టుకున్నాడు.

వారం తిరిగేసరికి కుటుంబాలన్నీ దిగాయి. చెట్టుకొమ్మలతో పందిళ్లు లేచాయి. కాత్యాయని గట్టంతా తిరిగి, ఒక్క ఇసకరేణువు కూడా దొరక్కపోయేసరికి చిన్నబుచ్చుకుని కూర్చుంది. అధ్యక్షుడు గడ్డి మేసి కునుకు తీశాడు. పొద్దునా సాయంత్రమూ మనుషులు పడవలో వచ్చి నీళ్లలోకి గుప్పెళ్లతో ఏదో చల్లుతుంటే, “నైవేద్యం,” అని లోకనాథం వివరించాడు. అందరూ దణ్ణాలు పెట్టుకున్నారు.

నీలవేణి మాత్రం గట్టు మీద నిలబడి ఈ మూల నించి ఆ మూలకి చూసింది.

“నాన్నా, ఇంతేనా?”

“బాగా దగ్గర్నించి చూస్తున్నాం కదమ్మా, అందుకే చిన్నగా కనబడుతోంది.”

ఆ పిల్ల జింకపిల్లల దగ్గరికి వెళ్లిపోయింది. లోకనాథానికి ఆ రోజు పనసతొన కూడా చప్పగా ఉంది.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం చక్రాలు ఆగిపోయాయి. నురగ పోయింది, నీళ్లు పలక మీద చెయ్యి పెట్టి తుడిచినట్టు కదలక మెదలక ఊరుకున్నాయి. అందరూ ఛైర్మన్ పందిరి దగ్గరికొచ్చారు.

“భోజనానికి లేచింది. అరగంటలో వస్తుంది,” అన్నాడు లోకనాథం. కరెంటు అరగంటకే వచ్చి అతని పరువు కాపాడింది. ఛైర్మన్‌కి సముద్రం దినచర్య కూడా తెలుసునని కుందేళ్లు చెప్పుకున్నాయి.

మూడో రోజు జిమ్మీ వచ్చాడు. జిమ్మీ ఆ నీళ్లకి కాపలా కుక్క. ఒక చెవి కాస్త చిరిగి, ఏ వింతనీ పట్టించుకోని మొహంతో ఉంటాడు.

“ఏటి బాబూ, రొయ్యల చెరువు గట్టు మీద ఈ మకాం ఏటి?” అన్నాడు.

కుందేళ్లు చెవులు నిక్కబొడిచాయి.

“ఇది సముద్రం,” అన్నాడు చిదంబరం.

“సముద్రమేటి? రొయ్యల్ని పెంచుతారిక్కడ. సముద్రం ఆ సరుగుళ్ల ఎనకాల ఉంది. ఆ హోరు ఇనబడ్డం లేదా?”

లోకనాథం నేల చూపులు చూశాడు. నీలవేణి అక్కడ లేదని గమనించి ఊపిరి పీల్చుకున్నాడు.

“మీ అభ్యంతరం రాసివ్వండి,” అన్నాడు చిదంబరం.

“నాకు రాయడం రాదు. మొరగడం వచ్చు.”

“మొరిగితే దస్త్రంలోకి ఎక్కదు. అయినా పంచాయతీ ఎవరి నోరూ నొక్కదు. ఓటింగు పెడదాం. ఇది సముద్రమే అనేవాళ్లు కాలెత్తండి.”

కొత్తచోటు వెతుక్కుని మళ్లీ పందిళ్లు వెయ్యాల్సొస్తుందని అందరికీ తెలుసు. అందరూ కాళ్లెత్తారు. ఆ ఎత్తిన కాళ్లని చూసి విసుగెత్తిన జిమ్మీ, పక్కనున్న కరెంటు స్తంభం దగ్గరికెళ్లి, తన పని మీద తనూ ఒక కాలెత్తాడు. చిదంబరం దాన్నీ లెక్కేసుకున్నాడు.

“ఏకగ్రీవం.”

“కానీండి,” అన్నాడు అధ్యక్షుడు, కళ్లు తెరవకుండానే.

నాలుగో రోజు నీలవేణి తడిసిన బొచ్చుతో, ఒళ్లంతా ఇసకతో వచ్చింది. వెనకాల జింకపిల్లలూ కుందేలు పిల్లలూ అదే వాలకం.

“ఎక్కడికెళ్లేవే గుంటా?” అని పైడమ్మ చెవి పట్టుకుంది.

“ఆ తోట అవతల ఇంకో చెరువుందమ్మా. మూడ్రోజుల్నించీ అక్కడే ఆడుకుంటున్నాం.”

“ఇంత దూరం వచ్చి చెరువులో ఆటలేటే? ఎదురుగా సముద్రం పెట్టుకుని?”

“సముద్రం ఏం బాలేదమ్మా. ఆ చెరువే బావుంది. దానికి అవతలి గట్టే లేదు. మనం వెనక్కెళ్తుంటే అదే మన వెంట పడి వస్తుంది.” తర్వాత నాన్న మొహం చూసి నొచ్చుకుంటాడేమోనని, “నీ సముద్రం కూడా మంచిదే నాన్నా. నెమ్మదైంది,” అంది.

లోకనాథానికి సంగతి మొత్తం అర్థమైంది. సరుగుళ్ల వెనకాల ఉన్నది పులులు కావు. తను చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. అక్కడ ఆగి, మళ్లీ లోపలికే వెళ్లి పడుకుంది.

ఆరో రోజు పొద్దున్నే మనుషులు మోటార్లూ వలలూ పట్టుకొచ్చారు. మధ్యాహ్నానికి సముద్రం సగమైంది. మూడు గంటలకి బురద మిగిలింది. బుట్టల నిండా రొయ్యలెత్తుకుని వాళ్లు వెళ్లిపోయారు. అందరూ గట్టు మీద వరసగా నిలబడి ఆ గుంటని చూశారు.

పంచాయతీ అత్యవసరంగా కూర్చుంది.

“సముద్రం ముందస్తు అనుమతి లేకుండా వెళ్లిపోయింది,” అని చదివాడు చిదంబరం. “ఛైర్మన్ గారితో దానికి చిన్నప్పట్నించీ పరిచయం. కాబట్టి వారు వెనక్కి పిలవాలని కోరుతున్నాం.”

తప్పించుకునే దారి లేదు. లోకనాథం గట్టు చివర నిలబడి, గొంతు సవరించుకుని, “రా,” అన్నాడు. బురదలో మిగిలిన ఒక రొయ్య ఎగిరి పడింది.

“గట్టిగా పిలవండి. పెద్దదయ్యింది కదా, చెవుడొచ్చిందేమో,” అంది కాత్యాయని.

“రావమ్మా,” అన్నాడు లోకనాథం. అంత పెద్ద ఎలుగుబంటి గొంతు చీమంత అయిపోయింది.

నీలవేణి నాన్న చెయ్యి పట్టుకుంది. “ఊరుకో నాన్నా. అది రాకపోతే పోనీ. మా చెరువుకి పోదాం రా.”

“సభ మధ్యలో లేచివెళ్తే ఛైర్మన్ పదవి రద్దవుతుంది,” అన్నాడు చిదంబరం.

కూర్చుంటే పదవీ ఉంటుంది, పరువూ ఉంటుంది. బురద గుంట కూడా సముద్రమే అవుతుంది, ఏకగ్రీవంగా. తోట దాటితే మాత్రం అన్నీ చెప్పుకోవాలి, అదీ ఈ పిల్లకి. లోకనాథం ఒకసారి సభవైపు చూశాడు, ఒకసారి తన చేతిలో ఉన్న ఇసక నిండిన చిన్న చెయ్యి వైపు చూశాడు.

“రద్దు చేసుకోండి,” అని లేచాడు. పైడమ్మ లేచింది. పిల్లలందరూ లేచారు. పిల్లల వెనకాల తల్లులూ లేచారు.

మిగిలినవాళ్లు, వెళ్లిన సముద్రం తిరిగొచ్చేదాకా అక్కడే వేచి ఉండాలనీ, ఈలోగా ఇతర నీళ్లని గుర్తించరాదనీ తీర్మానించారు.

సరుగుడు తోటలో లోకనాథం పైడమ్మని ముందు నడవనిచ్చాడు. చివరి చెట్టు దాటగానే నిలబడిపోయాడు. అది ఎక్కడ మొదలైందో తెలుస్తోంది గానీ ఎక్కడ అయిపోయిందో తెలీలేదు. చాలాసేపు నోట మాట రాలేదు. అతని జీవితంలో అంతసేపు నోరు మూసుకుని ఉండడం అదే మొదలని పైడమ్మ తర్వాత అందరికీ చెప్పింది.

“ఈ చెరువు పేరేంటి నాన్నా?”

“ఇదే సముద్రమమ్మా.”

“మరి అది?”

“రొయ్యల చెరువు.”

“నీకు తెలీలేదా?”

“ఎలా తెలుస్తుంది?” అన్నాడు లోకనాథం, చూపు ఇసక మీదికి దించుకుని. “నేనూ ఇప్పుడే చూస్తున్నాను. ఇన్నాళ్లూ చెప్పినవన్నీ కోతలే.”

నీలవేణి అతన్ని కాసేపు ఎగాదిగా చూసింది. లోకనాథం తను పడబోయే ఎత్తు ఎంతో లెక్కవేసుకుంటున్నాడు.

“అయితే ఒంటరిగా దిగకు,” అంది ఆ పిల్ల పెద్దమనిషిలా. “చెయ్యి పట్టుకో. కాళ్ల కింద ఇసక జారుతుంది, అప్పుడు భయమేస్తుంది. నేనూ మొదటిరోజు ఏడ్చాను.”

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని దిగారు. ఒక కెరటం వచ్చింది.

అదే సమయంలో తోట ఇవతల సభ్యులకి ఒక భయంకరమైన అరుపు వినబడింది. అడవిదున్న కునుకు ఎగిరిపోయింది. కుందేళ్లు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. చిదంబరం పరుగెత్తుతూనే రాశాడు: “సరుగుడు తోట వైపు ఘోరమృగం కలదు. కమిటీ అటు వెళ్లకపోవడం సమంజసమని తేలింది.” ఆగకుండా కొండెక్కేసి, అడవి చేరాకే వెనక్కి తిరిగి చూశారు. పిల్లలూ తల్లులూ లోకనాథమూ మిగిలిన నాలుగు రోజులూ ఏ సభా లేకుండా నీళ్లలో ఈదులాడారు. జిమ్మీ కూడా వచ్చి పోతుండేవాడు.

వాళ్లు అడవికి తిరిగొచ్చేసరికి పంచాయతీ కిక్కిరిసి ఉంది. ఘోరమృగం నించి పిల్లల్ని కాపాడుకొచ్చిన వీరుడిగా లోకనాథానికి సన్మానం. పూలదండ తయారు. అధ్యక్షుడు మేలుకునే ఉన్నాడు.

“ఆ మృగం ఎలా ఉంటుందో మీ నోటితో చెప్పండి, రాసుకుంటాను,” అన్నాడు చిదంబరం, కొత్త ఆకు తీసి.

లోకనాథం దండ వైపు చూశాడు. భలే దండ, మధ్యలో తేనెమైనం పూలు కూడా ఉన్నాయి. పక్కన నీలవేణి తలెత్తి అతన్నే చూస్తోంది.

“మృగం లేదు, ఏమీ లేదు,” అన్నాడు చివరికి. “ఆ అరిచింది నేనే. నీళ్లు చీలమండ దాకా వచ్చాయి.”

నీతి: సెలవులకి సముద్రం చూడాలనుకునేవాళ్లు, పిల్లలు చెరువన్న చోటికి వెళ్లాలి.