మూత తీయకుండానే పనిచేసే టానిక్కు

సింకు ముందు నిలబడి, గరాటు పెట్టి, గ్యాలన్ డబ్బాలోని గిన్నెల సబ్బును చిన్న సీసాల్లోకి వంపుతున్నాను. నాలుగు నిండాయి, ఇంకా పద్నాలుగున్నాయి. చేతులకు తీరిక లేదు గానీ బుర్రకు బోలెడు తీరిక. అందుకే పని మధ్యలో నాకొక మహాసత్యం తట్టింది. అమెరికాలో తెలుగువాళ్ళను కలిపింది భాష కాదు. గుడి కాదు. సంఘం వాళ్ళ ఉగాది పులిహోర అసలే కాదు. సబ్బు!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

మూడేళ్ళ క్రితం నేను మిషిగన్‌లోని ఈ ట్రాయ్‌కి కొత్తగా వచ్చినప్పుడు, సూపర్ మార్కెట్‌లో బొట్టు పెట్టుకున్న మనిషి కనిపిస్తే ప్రాణం లేచొచ్చేది. ఆవిడ మాత్రం చటుక్కున ఒక సీరియల్ డబ్బా అందుకుని, వెనకున్న అక్షరాలన్నీ రేపు పరీక్షన్నట్టు చదివేది. మరి ఇప్పుడో? బండి తోసుకుంటూ పరుగెత్తుకొస్తారు. "తెలుగువాళ్ళా? అబ్బ, ఎంత హ్యాపీగా ఉందో! ఏ ఊరండీ మీది? శనివారం ఫ్రీయేనా? మా ఇంటికి భోజనానికొచ్చెయ్యండి!" ముక్కూ మొహం తెలియని వాళ్ళను పిలిచి గుత్తివంకాయ కూర పెట్టే మనుషులు ఇంకెక్కడైనా ఉన్నారా?

పెరుగన్నం తిన్న చెయ్యి ఆరకముందే క్లాజెట్‌లోంచి బోర్డు బయటికొస్తుంది. ఇంటాయన టై బిగించుకుని, బోర్డు మీద పెద్ద సున్నా చుట్టి, "ఇది మీరు" అంటాడు. దాని కింద ఇంకో ఆరు సున్నాలు. "వీళ్ళు మీ ఫ్రెండ్స్." వచ్చినవాళ్ళేమో పెద్ద పెద్ద చదువులు చదివి, కార్ల కంపెనీల్లో ఇంజన్లు డిజైన్ చేసేవాళ్ళు. తమను పట్టుకుని సున్నా అంటే తలలూపుతూ నోట్స్ రాసుకుంటారు. ఇంత వినయం మనవాళ్ళకు మరే పద్ధతిలో అబ్బుతుంది?

కంపెనీ పేరు చెప్పను. కావాలంటే భోజనానికి రండి.

సరుకంతా అట్టపెట్టెల్లో ఇంటికే వస్తుంది. గిన్నెల సబ్బు, బట్టల పౌడరు, టూత్‌పేస్టు, ఓట్సు. వీటన్నిటికీ రాజు ఆకుపచ్చ టానిక్కు. సీసా మీద కంపెనీ పెద్దగా ఏమీ రాయదు, లాయర్ల భయం. రాయనిదంతా అచ్యుతరావు గారు నోటితో చెబుతారు. ఆయన మాకు చుట్టమూ కాదు, మావారు భాస్కర్‌కి బాసూ కాదు. బోర్డు మీద మా పైనున్న సున్నా. ఆయన లెక్కన ఈ టానిక్కు మోకాళ్ళ నొప్పికి, నిద్ర పట్టకపోవడానికి, జుట్టు రాలడానికి, ప్రమోషన్ రానివాళ్ళ నీరసానికీ పనిచేస్తుంది. వాళ్ళ కుక్కకు తుమ్ములు కూడా తగ్గాయట. నేను అనుమానించలేదు. ఒకసారి పొరపాటున ఒక చెంచాడు ఇత్తడి కుంది మీద ఒలికితే, కుంది తళతళలాడిపోయింది. లోపల ఏం చేస్తుందో గానీ బయట మాత్రం ఖాయం!

నా మొదటి బేరానికి పక్కింటి విల్మా గారి దగ్గరికి వెళ్ళాను. ఎనభై ఏళ్ళావిడ. నా సీసా చూసి పకపకా నవ్వి, కిటికీలోంచి ఒక గోధుమరంగు సీసా తీసి చూపించింది. వాళ్ళ అమ్మమ్మదట. ఆడవాళ్ళ నీరసానికి, మగవాళ్ళ బట్టతలకు, గుర్రాల దగ్గుకు అని గాజు మీదే అచ్చుపోసి ఉంది. ఆ రోజుల్లో ఒకతను గుర్రబ్బండి మీద టీ పొడి, సబ్బులు, బేకింగ్ పౌడరు, వీటితోపాటు ఈ మందూ తెచ్చి అమ్మేవాడట.

"పనిచేసేదా?" అన్నాను.

"సగం సీసా సారాయే, హనీ! ఎందుకు పనిచెయ్యదు?"

"మరి తెలిసీ కొనేవారా?"

విల్మా గారు సీసాను చీరకొంగులాంటి తన ఏప్రన్ అంచుతో తుడిచి, మళ్ళీ కిటికీలో పెట్టింది. "పొలాల మధ్య ఒంటరి ఇల్లు. చలికాలమంతా ఆ దారిన వచ్చే మనిషి అతనొక్కడే. కొనకపోతే ఇంక రాడేమోనని మా అమ్మమ్మ భయం."

చూశారా, డెబ్బై ఏళ్ళలో ప్రపంచం ఎంత ముందుకు పోయిందో! వాళ్ళు మనిషి వస్తాడని మందు కొన్నారు. మనం మందు కొంటారని మనిషిని పిలుస్తున్నాం.

ఈ వ్యాపారంలో చేరినవాళ్ళు ముందుగా తమకు తెలిసిన వంద పేర్లు రాయాలి. అది రూలు. మావారు అరవై ఒకటి రాశారు, అందులో ఇద్దరు కాలం చేశారు కూడా. నా కాగితం మీద ఒకటే పేరు వచ్చింది. కామేశ్వరి.

కామేశ్వరక్కయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. నాలుగు వీధులవతల ఉంటుంది. ప్రతి బుధవారం పదింటికి వచ్చేస్తుంది. వాళ్ళింటి కిటికీలో వెలుతురుకు బల్బు పెట్టి, కరివేపాకు మొక్కను చంటిపిల్లలా సాకుతుంది. మిషిగన్ చలిలో అది చిగురేసిందంటే మాకు పండగ. ఆ రెమ్మనే తడి పేపర్ టవల్లో చుట్టి తెచ్చిస్తుంది. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆవిడే. "బ్రేకు తొక్కమన్నాను తల్లీ, పామును తొక్కమనలేదు!" అని చర్చి పార్కింగ్ లాట్ అదిరిపోయేలా అరిచేది. ఇక మాట్లాడ్డం మొదలుపెడితే మా గోడ గడియారానికి ఆయాసం రావాలి గానీ ఆవిడకు రాదు. వారమంతా మూగదానిలా తిరిగే నాకు ఆ రెండు గంటలే తెలుగు.

మావారు నా కాగితం చూసి ఎగిరి గంతేశారు. "ఆవిడకు ఊరంతా తెలుసు, రాధా! ఆవిడొకర్తి మన కింద చేరిందంటే చాలు, సంవత్సరం తిరక్కుండా నేను జాబ్ మానెయ్యొచ్చు."

"ఆవిడ నన్నెప్పుడూ ఏమీ కొనమని అడగలేదండీ."

"అందుకే నువ్వడిగితే కాదనదు."

ఎంత లోతైన మాట! మావారు కార్‌లో కంపెనీవాళ్ళ క్యాసెట్లు ఊరికే వినడం లేదు.

మొన్న బుధవారం అక్కయ్య బూట్ల మంచు దులుపుకుంటూనే అందుకుంది. "ఫర్నెస్ మళ్ళీ చచ్చిందే రాధా! మీ బావగారు రిపేర్ చేస్తానని దాని పేగులన్నీ తీసి కార్పెట్ మీద పరిచారు. రాత్రి ఇల్లంతా ఐసుగడ్డ! నేను స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని..."

కాఫీకి ముందే సీసా పెట్టాలని రూలు. పెట్టాను. కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు మొదలుపెట్టాను.

"అక్కయ్యా, మీకు ఈమధ్య నీరసంగా ఉంటోందా?"

"నాకా? నీరసమా?"

"జుట్టేమైనా రాలుతోందా?"

"ఏమిటే ఇది? నర్సు ఉద్యోగమేమైనా వచ్చిందా నీకు?"

నేను తలెత్తలేదు. తలెత్తితే కాగితం కనిపించదు. "మీకు బాగా కావలసినవాళ్ళలో ఆరుగురి పేర్లు చెప్పండి."



"మొదటిది నీ పేరే అనుకున్నానే," అంది అక్కయ్య.

అంతే. ఫర్నెస్ సంగతి సగంలోనే ఆగిపోయింది. నేను మిగతా కాగితమంతా తప్పుల్లేకుండా చదివాను. ఆవిడ చివరిదాకా, నాకు కారు నేర్పినంత ఓపిగ్గా విన్నది. సీసా తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. పన్నెండు డాలర్లు ఖాళీ సాసర్ కింద పెట్టింది.

కాబట్టి పాఠకులారా, ఇకమీదట ఈ టానిక్కును ఎవరైనా వెక్కిరిస్తే నా దగ్గరికి పంపించండి. మోకాళ్ళ సంగతి, కుక్కల తుమ్ముల సంగతి నాకు తెలియదు. నేను కళ్ళారా చూసింది మాత్రం చెబుతాను. అక్కయ్య నోట మూడేళ్ళుగా ఎవరివల్లా ఆగని మాట! ఒక్క చుక్క తాగకుండా, మూత కూడా తీయకుండా, ఒక్క సీసాతో ఆగిపోయింది. ఇంతకంటే బలమైన మందు ఏ దేశంలోనైనా ఉందా?

ఆ సాయంత్రం మావారు సాసర్ ఎత్తి చూసి, "నేను చెప్పలేదూ!" అని నా భుజం తట్టారు. ఆవిడ మళ్ళీ ఎప్పుడొస్తానందో మాత్రం అడగలేదు.  ఆ పొద్దున కాఫీ ఫిల్టర్‌లో డికాక్షన్ దిగుతుండగానే అక్కయ్య లేచి, కోటు జేబులోంచి తడి పేపర్ టవల్ చుట్ట తీసి సింకు పక్కన పెట్టి, బూట్లు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా లాగి, మంచులోకి వెళ్ళిపోయింది.