నురగలో పోయిన ‘ది’

ఆ ఉదయం సెలూన్ బాబాయి పెట్టుకున్న పనులు మూడే. లెక్కల మాస్టారికి గడ్డం గియ్యాలి. చేపల తొట్టి అద్దం తుడవాలి. పదకొండింటికి బావగారు వస్తే దొరని అప్పగించాలి.

దొర అంటే చేప. వెండిరంగు ఏంజెల్ చేప. రెక్కలు కండువా అంచుల్లా వేలాడుతూ ఉంటాయి. బాబాయి భార్యని వీధంతా పిన్ని అంటుంది. ఆ పిన్నికీ ఆవిడ అన్నయ్యయిన ఈ బావగారికీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఇంటిల్లిపాదీ దిగిన ఫోటోలో తనని చివర నిలబెట్టారని ఆయన అలిగాడు. ఆయన అలిగాడని ఈవిడ అలిగింది. పది రోజుల కిందట ఆయన ఊరెళ్తూ దొరని తెచ్చి బాబాయి సెలూన్లో పెట్టి, "చెల్లాయికి చెప్పు" అన్నాడు. మూడేళ్ళలో అదే మొదటి మాట.

"ఆ చేపకేమన్నా అయిందా, మా అన్నయ్య ఈ జన్మలో మన గడప తొక్కడు. చెప్తున్నా" అంది పిన్ని.

బాబాయిది జాలిగుండె. దొర ఒంటరిగా తిరుగుతున్నాడని ముందురోజు ఆరు చారల చేపల్ని కొనితెచ్చి తొట్టిలో వదిలాడు. ఒక్కోటీ వేలెడంత లేదు. ఇప్పుడు మాస్టారికి ఒక చెంప గీసి, రెండో చెంపకి వెళ్తూ తొట్టికేసి చూశాడు. దొర ఓ మూల ఒరిగి ఉన్నాడు. తోక సగం లేదు. రెక్కలు విరిగిన దువ్వెనలా ఉన్నాయి. ఆ ఆరూ ఏమీ ఎరగనట్టు ఈదుతున్నాయి.

బాబాయి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి చేపల షాపాయనతో మాట్లాడసాగాడు.

"కొరికేశాయండీ! ఆరూ కలిసి మీద పడ్డాయి... ఎవరిదా? మా బావగారిదే."

మాస్టారి చెవినిండా నురగ. ఆ ‘ది’ నురగలోనే పోయింది. ఆయనకి వినిపించింది ‘మా బావగారే’ అని. మీద పడ్డ ఆరూ కుక్కలేననుకున్నారు.

"కొన ఊపిరితో ఉన్నాడండీ. వేలాడే ముక్కలు కత్తిరించెయ్యనా? కత్తి చేతిలోనే ఉంది... వద్దా? సరే, వేరే టబ్బులో వేస్తా. ఉప్పు ఎంత? చెంచాడే చాలా? పైన గుడ్డ కప్పేస్తా. ఎవరి కంటా పడకూడదు, అంతేగా?"

మాస్టారు నెమ్మదిగా కుర్చీ దిగారు. మెడకి కట్టిన గుడ్డతోనే గుమ్మం దాటారు.

"మాస్టారూ! ఇంకో చెంప ఉంది, రండి!" అని బాబాయి కత్తి ఊపాడు.

దాంతో మాస్టారి నడక పరుగైంది.

ఎదురు షాపు టైలరమ్మ ఆయన్ని ఆపింది. "ఏమైంది మాస్టారూ?"

"బావగారు... ఆరు కుక్కలు... టబ్బు... ఉప్పు!" అని ఆయన వీధి మలుపు తిరిగిపోయారు.

టైలరమ్మ అందిన గుడ్డని కుచ్చులు పెట్టకుండా వదిలే మనిషి కాదు. వెంటనే పిన్నికి ఫోను చేసింది. "వదినా, గుండె గట్టి చేసుకో. మీ అన్నయ్యని ఆరు కుక్కలు పీకేశాయట. సెలూన్లోనే ఉన్నాడట. పైన గుడ్డ కూడా కప్పేశారట."

పిన్ని చెప్పులు లేకుండా ఏడుస్తూ వచ్చి సెలూన్లోకి దూసుకెళ్ళింది. ఆవిడ వెనకాలే, చేతిలో ఒక సంచితో, వీధిలోకి బావగారు వచ్చాడు. టైలరమ్మ ఆయన్ని ఎప్పుడూ చూసి ఎరగదు.

"అటెళ్ళకండి బాబూ. సెలూనాయన బావగారికి సీరియస్సట."

"ఏ బావగారు?"

"ఒక్కడేగా ఉన్నది. ఆ అలిగే ఆయన."

"ఇప్పుడెలా ఉందట?"

"కష్టమేనటండీ."

బావగారు ఒకసారి చెయ్యి గిల్లుకుని, గబగబా సెలూన్ గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల గుడ్డ కప్పిన టబ్బు ముందు పిన్ని కూలబడి ఉంది.

"అన్నయ్యా! ఇంత చిన్న టబ్బులో ఎలా పట్టావన్నయ్యా! లే అన్నయ్యా! ఈసారి ఫోటోలో నిన్ను మధ్యలోనే నిలబెడతాను!"

"అది చేపే! చేప!" అని బాబాయి మొత్తుకుంటున్నాడు. వినేవాళ్ళెవరు?

"మధ్యలోనేనా?" అంది గుమ్మం దగ్గర గొంతు.

పిన్ని తిరిగి చూసింది. ఒక్క పరుగున వెళ్ళి అన్నయ్య చెయ్యి పట్టుకుని, వేళ్ళన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసింది. "కుక్కలేవి?" అంది. "ఏ కుక్కలు?" అన్నాడు ఆయన. ఇద్దరి కళ్ళూ తడిశాయి. మూడేళ్ళ అలక ఆ తడికే కరిగిపోయింది.

"సరేగానీ, దొరేడి?"

బాబాయి టబ్బు దగ్గరికి వెళ్ళాడు. గుడ్డ తీశాడు. "తప్పు నాదే బావగారూ. పాపం ఒంటరిగా ఉన్నాడని చారల చేపల్ని తెచ్చి కలిపాను. రెక్కలు కొరికేశాయి. మళ్ళీ పెరుగుతాయట. మీరు ఏమన్నా అనండి, పడతాను. మీ చెల్లాయితో మాత్రం మాట్లాడటం మానకండి."

బావగారు టబ్బులోకి చూశాడు. తొట్టిలోకి చూశాడు. చేతిలో సంచిని వీపు వెనక్కి జరిపాడు.

"ఏంటన్నయ్యా అది?" అని పిన్ని లాగేసింది.

సంచిలో మూతి కట్టిన ప్లాస్టిక్ కవరు. కవరులో నీళ్ళు. నీళ్ళలో ఆరు చారల చేపలు.

"దొర ఒంటరిగా ఉన్నాడని..." అన్నాడు బావగారు, తొట్టికేసి చూడకుండా.

ఆ పన్నెండూ ఇప్పుడు సెలూన్లోనే ఉంటున్నాయి. దొర తోక రెండు నెలలకి మళ్ళీ పూర్తిగా పెరిగింది. మాస్టారి గడ్డం కూడా.