గణపతిరావు చెంబులో పాలు

ఆ పొద్దున్న గవిరినాయుడు పెట్టుకున్న పని చిన్నదే. గేదెకు పెట్టిన ఉలవలు సగం అరక్కుండా పేడలో కనబడుతున్నాయి. ఉలవలు నలగ్గొట్టి పెట్టమని గ్రామసేవకుడు చెప్పాడు. నలగ్గొడితేనే మంచిదైతే పిండి చేస్తే ఇంకెంత మంచిదో అనుకుని, గవిరినాయుడు ఉలవల బస్తా భుజానికెత్తుకున్నాడు.

"రోట్లో రెండు పోట్లేస్తే సాలదా? మరదాకా ఎందుకు?" అంది భార్య దేముడమ్మ.

"నీకు తెల్దు, ఊరుకో. దాని పళ్లకి పనే ఉండకూడదు!"

చోడవరం పిండిమరలో ఉలవలు మెత్తటి పిండి అయ్యాయి. కుడితిలో కలిపిస్తే గేదె జుర్రుకుని తాగింది. కడుపు నిండుతోంది కదా అని గవిరినాయుడు గడ్డి వెయ్యడం దాదాపు మానేశాడు. పాలు కొంచెం ఎక్కువే వచ్చేసరికి మీసం దువ్వుకున్నాడు.

వారం తిరక్కుండా, గణపతిరావు కాఫీ హోటలుకు రోజూ ఆ పాలు మోసుకెళ్లే పక్కింటి అచ్చియ్యమ్మ నిండు బిందెతో తిరిగొచ్చింది.

"మీ పాలకి మీగడే కట్టట్లేదంట. నీళ్లు కలిపేరని నలుగుర్లో నన్ను కేకలేసేరు."

"మేం కలపలేదు. దార్లో నువ్వే కలిపుంటావు," అంది దేముడమ్మ.

"నాను కలిపేనా? నూకాలమ్మతోడు!"

ఇద్దరికీ మాటలు లేవు. వీధి రెండు పక్షాలైంది. ఇంటి పరువు నిలబెడదామని గవిరినాయుడు హోటలుకెళ్లి, "మీ చెంబు మీరే తెచ్చుకోండి బాబూ, మీ ఎదటే పితుకుతాం," అని వచ్చాడు.

మర్నాడు గణపతిరావు తోమిన ఇత్తడి చెంబుతో వచ్చాడు. వీధంతా చేరింది. దేముడమ్మ అరచేతులు అందరికీ చూపించి మరీ పితికింది. గణపతిరావు చెంబు వంచి చూశాడు. బియ్యం కడిగిన నీళ్లు నయం.

"చెంబు నాది, పితికింది నా ఎదట. నీళ్లు గేదె కడుపులోనే కలిపేరేటమ్మా?"

అందరూ గొల్లుమన్నారు. దేముడమ్మ కళ్లు తుడుచుకుంది. అప్పుడు చూశాడు గవిరినాయుడు గేదెకేసి సరిగ్గా. పేడ జారుగా పడుతోంది. నెమరు వేసి ఎన్నాళ్లయిందో!

పశువుల డాక్టరు దగ్గరకు తోలుకెళదామని పలుపు విప్పాడు. అంతే, గేదె విదిలించుకుని తిన్నగా అచ్చియ్యమ్మ ఇంటికి పోయి, కొత్తగా గడ్డితో నేసిన చూరు లాగి నమలసాగింది.

"ఓలమ్మో, నా ఇల్లు తినెస్తంది!"

నలుగురు పట్టి లాగినా వదల్లేదు. చూరు సగమయ్యాక ఎండలోనే పడుకుని, తాపీగా నెమరు వెయ్యడం మొదలెట్టింది.

సంగతి విని గ్రామసేవకుడు తల పట్టుకున్నాడు. "నలగ్గొట్టమన్నాను గానీ పిండి చెయ్యమన్నానా? గడ్డి మానెయ్యమన్నానా? నమిలి నెమరేస్తేనేనయ్యా పాలల్లో వెన్న!"

గడ్డి మళ్లీ పడింది, ఉలవలు రోట్లో నలిగాయి, పాల మీద మీగడ కట్టింది. గణపతిరావు ఈసారి పిలవకుండానే చెంబుతో వచ్చాడు.

"ముందు అచ్చియ్యమ్మకండి. మిగిల్తే మీకు," అంది దేముడమ్మ.

గవిరినాయుడు అప్పటికే పక్కింటి కప్పు మీదున్నాడు, చూరు నేస్తూ. గేదె కింద నిలబడి, గడ్డి ఎక్కడెక్కడ వేస్తున్నాడో శ్రద్ధగా చూస్తోంది.