ఫైర్‌వాల్ లేచింది

ఆఫీసు కంప్యూటర్‌కు కొత్త కెర్నల్ ఎక్కించి, పత్తి తూచే కాంటా మొదలయ్యేలోపు తీరిగ్గా నాష్తా చేయాలన్నది ఆ పొద్దున అవేజ్ పథకం. జమ్మికుంటలోని ఆ జిన్నింగ్ మిల్లులో కంప్యూటర్లు చూసేది, ప్రింటర్‌కు వైద్యం చేసేది, సేటు ఫోనులో పోయిన ఫొటోలు వెతికేది అతనే. అయినా ఇంకా టెంపరరీయే. "గీ సీజన్ల ఒక్కనాడు గూడ కాంటా ఆగకుంటే నిన్ను పర్మినెంట్ చేస్త" అని సేటు శ్యాంసుందర్ మాటిచ్చి ఉన్నాడు. బయట రోడ్డు పొడవునా పత్తి ట్రాక్టర్లు బారులు తీరాయి.

కెర్నల్ అంటే కంప్యూటర్‌కు గుండెకాయ. అవేజ్ కొత్తదాన్ని ఎక్కించి, జాగా మిగులుతుందని పాతదాన్ని తుడిచేశాడు. ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయమని తెర బతిమాలింది. సీజన్‌లో కంప్యూటర్ ఆపితే సేటు ఊరుకోడు కాబట్టి 'తర్వాత' అని నొక్కాడు. పాతది లేదు, ఆపి లేపందే కొత్తది పని మొదలుపెట్టదు. అంతే, ఫైర్‌వాల్ పడిపోయింది. బయటి దొంగలను ఆపే ఆ కాపలా లేకపోయేసరికి కంప్యూటర్ కాంటా గదితో మాటలు మానేసింది. కాంటా ఆగింది. అవేజ్ గుండె కూడా ఆగినంత పనైంది పాపం.

కరీంనగర్‌లో ఉన్న దోస్తు సంపత్‌కు ఫోన్ చేశాడు. జిన్నింగ్ మిషన్ల మోతలో మాట వినపడాలంటే అరవక తప్పదు.

"ఏమంటుందిరా అది?" అన్నాడు సంపత్.

"ఫిల్టర్ టేబుల్ లేదంటుంది!"

ఎవరిని లోపలికి రానివ్వాలో ఫైర్‌వాల్ రాసుకునే పట్టిక అది. వెనకే నిలబడ్డ సేటు ఈ మాట విన్నాడు. "గింత దానికేనా పరేషాన్? ముత్యం, నా రూంల టేబుల్ పట్టుకరా. మంచినీళ్ల ఫిల్టర్ దానిమీద పెట్టు."

అటెండర్ ముత్యం రెండూ మోసుకొచ్చి కంప్యూటర్ ఎదుట పెట్టాడు.

"ఇగ ఉన్నదని చెప్పు దానికి," అన్నాడు సేటు.

"సేట్, గది గీ టేబుల్ కాదు."

"మల్ల? ఆదిలాబాద్ టేకుది గావాల్నా?"

అవేజ్‌కు ఏడుపొచ్చింది. "సంపత్, ఫైర్‌వాల్ పోయిందిరా! ఫైర్... ఫైర్‌వాల్!" అని ఫోనులో గొంతు చించుకున్నాడు.

పత్తి మిల్లులో ఆ మాట మొదటి సగం వినబడితే రెండో సగం కోసం ఎవరూ ఆగరు. ముత్యం సైరన్ మోగించి, ఫైరింజన్‌కు ఫోన్ కొట్టి, మెయిన్ దించి, యూపీఎస్ వైరు కూడా పీకేశాడు. పత్తి ఏరే ఆడవాళ్లు చెప్పులు వదిలి పరుగెత్తారు. ట్రాక్టర్లన్నీ ఒకేసారి వెనక్కి తిరగబోయి ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. వాటి మధ్య నుంచి ఫైరింజన్ ఎలా దూరిందో గానీ లోపలికి వచ్చేసింది.

"మంట ఏడుంది?" అన్నాడు పైపు పట్టుకున్నాయన.

"అవేజ్ సారునడుగుండ్రి. ఆయనే ఒర్రిండు," అన్నాడు ముత్యం.

"మంట లేదు సార్. ఫైర్‌వాల్..."

"ఏ వాలు?"

అవేజ్ కంప్యూటర్ వైపు చేయి చూపించాడు. దాని వెనకే గోడ ఉంది. పైపు ఆ గోడ మీదికి తిరిగింది. అవేజ్ ఒక్క దూకు దూకి కంప్యూటర్‌ను కన్నబిడ్డలా పొట్టకు హత్తుకున్నాడు. గోడకున్న సున్నమంతా అతని వీపు మీదికి దిగింది. ఇక నౌకరీ పోయినట్టేనని నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చాడు.

మంట లేదని తేలాక ముత్యం వైర్లు తగిలించి మెయిన్ ఎత్తాడు. కంప్యూటర్ తనంతట తనే లేచింది. ఆగి లేచింది గనక కొత్త కెర్నల్ పని మొదలుపెట్టింది. దొరకలేదన్నవన్నీ దొరికాయి. కాంటా గదిలో తూకం చిట్టీలు టకటకా బయటికి రాసాగాయి.

అవేజ్ సంతోషం పట్టలేక, "ఫైర్‌వాల్ లేచింది!" అని కేక పెట్టాడు.

ఈసారి అందరికంటే ముందు సేటే ఉరికాడు.

కాసేపటికి రొప్పుతూ తిరిగొచ్చి, అవేజ్ భుజం తట్టాడు. "శెభాష్! ఒక్క కేకకు మిల్లంత ఖాళీ అయింది. గసొంటి గొంతు నేనెన్నడు ఇనలే."

"సేట్, మరి కాంటా ఆగింది గదా. నా పర్మినెంట్..."

"ఫికర్ చెయ్యకు. గీ రోజే చేసిన."

అన్నట్టే ఆ రోజే పర్మనెంట్ చేశాడు, మిల్లు ఫైర్ సేఫ్టీ ఇన్‌చార్జిగా. కంప్యూటర్లను మాత్రం, బాగుచేసిన మనిషి కాబట్టి, ముత్యానికి అప్పగించాడు.