ఇక్కడ బడి ఉండేది

మా ఊరి చరిత్రను శాశ్వతంగా కాపాడబోతున్నట్టు మేయర్ హోయట్ లెడ్‌బెటర్ గారు మే నెల మొదటి సోమవారం ప్రకటించారు. జార్జియా రాష్ట్రం మొత్తంలో మా మినర్వా ఫోర్డ్‌కు ఉన్నంత చరిత్ర మరే ఊరికీ లేదని, ఉన్నా వాళ్లు ఇంత బాగా ప్రకటించలేదని ఆయన అన్నారు. కౌన్సిల్ సభ్యులు నలుగురు చప్పట్లు కొట్టారు. ఐదో ఆయన నిద్ర లేచి కొట్టారు.

కాపాడబోయేది మిల్లు రోడ్డులోని రెండు గదుల బడి. నల్లవాళ్ల పిల్లలకు కౌంటీ ప్రభుత్వం బడి కట్టని రోజుల్లో తండ్రులే పైన్ చెక్కలు మోసుకొచ్చి కట్టినది. అందులో చదివి, అందులోనే పాఠం చెప్పిన మిస్ ఎర్తాలీన్‌కు ఎనభై ఆరేళ్లు. ఆమె అడిగింది ఒక్కటే.

"హోయట్ బాబూ, తుఫాన్లు మొదలుకాకముందే కప్పు మీద నాలుగు రేకులు వేయించు. మిగతా చరిత్ర నేను చూసుకుంటాను."

"రేకులేమిటమ్మా! ఇనుప ఫలకమే పోత పోయిస్తున్నాం!"

ఫలకం మీది వాక్యం రాసే గౌరవం, వ్యాకరణం చెబుతాను గనుక, నాకు దక్కింది. 'ఇక్కడ బడి ఉంది' అని రాసిచ్చాను. మేయర్ గారు ఎర్ర సిరాతో దిద్దారు.

"చరిత్ర అన్నాక భూతకాలంలో ఉండాలి మాస్టారూ. కౌంటీలో ఏ ఫలకం చూసినా 'ఉండేది' అనే ఉంటుంది. మనమేం తక్కువ తిన్నామా?"

ఫలకం వచ్చింది. అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. 'ఇక్కడ బడి ఉండేది.' దాని వెనక బడి ఉంది.

కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమైంది.

"పోసిన పోత దిద్దలేం. అలాగని ప్రజలకు అబద్ధమూ చెప్పలేం," అన్నారు మేయర్ గారు. నిజాయితీకి ఆయన పెట్టింది పేరు.

"బడిని దిద్దొచ్చుగా?" అన్నారు ఐదో ఆయన. మెలకువగా ఉండి ఆయన ప్రతిపాదించిన మొదటి తీర్మానం అదే. ఏకగ్రీవమైంది.

గురువారం బుల్డోజర్ వచ్చేసరికి మిస్ ఎర్తాలీన్ బడి మెట్టు మీద కూర్చుని ఉంది. మేయర్ గారు స్వయంగా చెయ్యి అందించారు.

"లేవమ్మా, అంతా మీ చరిత్ర కోసమే."

"దాని మీద వాన పడకుండా చూడమన్నాను నాయనా, అంతే."

మధ్యాహ్నానికి ఫలకం నిజమైంది. కప్పు కారే సమస్య కూడా తీరిపోయిందని మేయర్ గారు పత్రికలకు తెలిపారు.

శనివారం ఆవిష్కరణ. ఉడకబెట్టిన వేరుశనగలు, తీపి టీ పంచారు. మిస్ ఎర్తాలీన్ చర్చికి పెట్టుకునే ఊదా టోపీతో ముందు వరసలో కూర్చుంది.

"ఈ తల్లి మన సజీవ చరిత్ర!" అన్నారు మేయర్ గారు. "వచ్చే ఏడాది ఈవిడ పేరిట కూడా ఒక ఫలకం!"

చప్పట్లు ఆగేదాకా ఆమె ఆగింది.

"సంతోషం బాబూ. అందులో నేను ఉన్నానా, ఉండేదాన్నా?"

"ఇంకా పోత పొయ్యలేదమ్మా," అన్నారు మేయర్ గారు, ఓదార్పుగా.